ఆరుగురూ ఆడగలిగే పేక పెట్టె: తిరుపతి ఇంట్లో తొమ్మిది వారాల ప్రాజెక్టు డైరీ

ఏడేళ్ల పాప నుంచి డెబ్బై ఎనిమిదేళ్ల అవ్వ దాకా ఆరుగురు ఒకే బల్ల చుట్టూ కూర్చుని గంటన్నర ఆడాలి. దానికి కావాల్సిన ముక్కలు, స్టాండ్లు, ఆటగుడ్డ, ట్రే, లెక్కల పుస్తకం అన్నీ ఒక పెట్టెలో ఉండాలి. పని ఇదే. ఆడేవి రమ్మీ, తురుపాట, గాడిద, ఏడు ముక్క. డబ్బు పెట్టి ఆడేది లేదు. రమ్మీ ప్రధానంగా నేర్పు మీద నడిచే ఆట అని సుప్రీంకోర్టు 1968లో ప్రచురితమైన తీర్పులోనే చెప్పింది. అయినా పందెం కాస్తే 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ (జూదం) చట్టం సంగతి వేరు. ఇంట్లో పిల్లలున్న బల్ల మీదికి రూపాయి రాకపోవడమే మంచిది.

ఆట నియమాలు అందరికీ వచ్చు. ఇంట్లో ఆట మధ్యలో ఆగిపోయేది నియమాలు తెలియక కాదు. అవ్వకు ఇస్పేటు, కళావరు తేడా కనబడదు. పాప చేతిలో పదమూడు ముక్కలు నిలవవు. ఫ్యాను గాలికి ఓపెన్ కార్డు (అందరికీ కనబడేలా తెరిచి పెట్టిన ముక్క) బోర్లా పడుతుంది. ఆరుగురికి పంచాక పేక నాలుగు చుట్లకే అయిపోతుంది. ఈ డైరీ అంతా వీటిని ఒక్కొక్కటిగా సరిచేసిన లెక్క.

దశ 1: ముక్కలు (వారం 1, 2)

మొదట 50 రూపాయల కాగితం పేకలు రెండు తెచ్చాం. కొత్తప్పుడు 52 ముక్కల దొంతర ఎత్తు 16 మి.మీ. మే నెల ఉక్కలో చేతి చెమట తగిలి, పది రోజుల వాడకానికి అదే దొంతర 18 మి.మీ. అయింది. అంచులు ఉబ్బాయి. పంచేటప్పుడు రెండేసి ముక్కలు అంటుకుని వస్తున్నాయి. ఒకరికి 14, ఒకరికి 12 వచ్చి ఆట మళ్లీ పంచాల్సి వచ్చింది. పౌడరు చల్లితే ఒక పూట జారుతాయి, మర్నాటికి ఆ పౌడరే చెమటతో కలిసి జిడ్డవుతుంది. కాబట్టి పౌడరు వద్దు.

ప్లాస్టిక్ పేకకు మారాం. కొనేటప్పుడు చూడాల్సినవి రెండే.

1. ముక్క కొలత. పోకర్ సైజు 63 × 88 మి.మీ., బ్రిడ్జి సైజు సుమారు 57 × 89 మి.మీ. చిన్న చేతులకు బ్రిడ్జి సైజు పట్టుకోవడం సులువు. కానీ మూల అక్షరం పెద్దదిగా ఉన్న పేకలు మాకు పోకర్ సైజులోనే దొరికాయి. స్టాండు ఎలాగూ చేస్తున్నాం కాబట్టి పట్టు సంగతి వదిలేసి చూపుకే ఓటేశాం.
2. మూల అక్షరం ఎత్తు. మామూలు పేకలో స్కేలు పెట్టి చూస్తే 7 మి.మీ., పెద్దక్షరాల పేకలో 15 మి.మీ. బల్లకు అవతలి వైపు, అంటే 90 సెం.మీ. దూరంలో పడిన ముక్కను అవ్వ కళ్లద్దాలతో చదవగలిగింది రెండో రకం మాత్రమే.

జరిగిన తప్పు: ఆఠీను, డైమను రెండూ ఎరుపే కావడంతో తికమక అవుతుందని డైమన్లకు నీలం, కళావర్లకు ఆకుపచ్చ మార్కరు పూశాం. నాలుగు రంగుల పేకలు విడిగా అమ్ముతారు, ఆ పద్ధతి మంచిదే. కానీ ప్లాస్టిక్ మీద మార్కరు సిరా ఇంకదు. ఒక సాయంత్రం కలిపేసరికి ఆ నీలం పక్క ముక్కల వీపులకు అంటుకుంది. వీపు మీద మరక పడితే ఆ ముక్క ఏదో అందరికీ తెలిసిపోతుంది, ఇక ఆ పేక ఆటకు పనికిరాదు. తడిగుడ్డకు కొంచెం స్పిరిట్ అద్ది తుడిస్తే పోయింది, కానీ దాంతోపాటు అచ్చు మెరుపూ కొంత పోయింది. రంగు కావాలంటే అచ్చులోనే ఉన్న పేక కొనండి, పైన పూయకండి.

తికమకలో సగం బల్బుదే. పసుపు వెలుగున్న బల్బు తీసి తెల్లటి ట్యూబులైటు వేశాక ఎరుపూ నలుపూ పొరబాటు ఆగిపోయింది. అవ్వకు ఇస్పేటు, కళావరు తేడా పెద్ద గుర్తుల వల్లే తెలిసింది.

కాగితం పేకలు 2: రూ. 100
పెద్దక్షరాల ప్లాస్టిక్ పేకలు 3: రూ. 780
మార్కర్లు: రూ. 40
ఇప్పటివరకు: రూ. 920

దశ 2: ముక్కల స్టాండు (వారం 2 నుంచి 6)

ఎక్కువ కాలం, ఎక్కువ కలప, ఎక్కువ తప్పులు ఇక్కడే.

మొదటి ప్రయత్నం, బట్టలుతికే బ్రష్షు. బ్రష్షును వెల్లకిలా పెట్టి కుచ్చుల మధ్య ముక్కలు గుచ్చితే నిలబడతాయి. 45 రూపాయలకు అయిపోతుంది. గాడిద ఆటలో అయిదారు ముక్కలు మిగిలినప్పుడు బాగానే పనిచేస్తుంది. రమ్మీకి చాలదు. బ్రష్షు పొడవు 15 సెం.మీ. ఎగుడుదిగుడు కుచ్చులు కావడంతో ముక్కలు ఒకదాని వెనక ఒకటి దూరి మూల అక్షరాలు కప్పేస్తాయి. పైగా గట్టి కుచ్చుల్లోకి నొక్కినప్పుడు కింది మూలలు వంగుతున్నాయి. వంగిన మూల కూడా వీపు మరక లాంటిదే, ముక్కను పట్టించేస్తుంది. ఇంట్లో ఆడి చూసి, అవ్వకు నచ్చుతుందో లేదో తేల్చుకోవడానికి మాత్రం ఈ బ్రష్షు చాలు. అంతకన్నా ముందే కలప కొనకండి.

రెండో ప్రయత్నం, ఒకే గాడి ఉన్న కర్ర. కలప అడితిలో టేకు ముక్కలు తూకానికి దొరుకుతాయి. (ఎర్రచందనం ముక్క ఎవరిచ్చినా తీసుకోవద్దు. శేషాచలం చెట్టు అది, ఇంట్లో చేతిపనికి వాడే సరుకు కాదు.) వేప కూడా చూశాం. మా చేతికి వచ్చిన వేపముక్క సరిగా ఆరలేదు, కోసిన వారానికి మెలితిరిగింది. టేకు అలా తిరగలేదు.

లెక్క ఇలా వేశాం. 13 ముక్కలు, ఒక్కోటి 22 మి.మీ. కనబడాలి. 12 × 22 + 63 = 327 మి.మీ. కాబట్టి కర్ర 330 మి.మీ. వడ్రంగి దగ్గర మెషీను బ్లేడుతో నిలువుగా 4 మి.మీ. గాడి కోయించాం.

మూడు లోపాలు బయటపడ్డాయి.

ఒకటి, గాడి వెడల్పు. 22 మి.మీ. ఎడంతో పేర్చితే ఏ చోట చూసినా ఒకదాని మీద ఒకటి మూడు ముక్కలకు మించి ఉండవు. మూడు ముక్కల మందం 0.9 మి.మీ. దానికి 4 మి.మీ. గాడి చాలా వదులు. ఒక ముక్క ముందుకు, పక్కది వెనక్కు వాలుతున్నాయి.

రెండు, నిలువు గాడి. కూర్చున్నవారి కంటికి బల్ల మీద నిలువుగా నిలబెట్టిన ముక్క సన్నగా, కుదించినట్టు కనబడుతుంది. వెనక్కు వాలాలి.

మూడు, పొడవు. 33 సెం.మీ. కర్ర చివర్లు పక్కవారి వైపు వెళ్లిపోయాయి. బల్ల 120 × 90 సెం.మీ., పొడుగు వైపు ఇద్దరేసి, అంటే మనిషికి 60 సెం.మీ. అంత దగ్గరలో చివరి మూడు ముక్కలు పక్కవారికి చక్కగా కనబడుతున్నాయి. చూడకూడదనుకున్నా కంటికి తగులుతాయి.

బ్రష్షు: రూ. 45
టేకు, కోత కూలి (రెండు కర్రలు): రూ. 350
ఇప్పటివరకు: రూ. 1,315

మూడో ప్రయత్నం, రెండు మెట్ల స్టాండు. ఇదే నిలిచింది.

రమ్మీలో చేతిలో 13, తీసుకున్నది కలిపి 14. ముందు మెట్టు మీద 7, వెనక మెట్టు మీద 7. 6 × 22 + 63 = 195, అటూ ఇటూ కొంచెం వదిలితే పొడవు 220 మి.మీ. చాలు.

వాలు ఎంత ఉండాలో తేల్చుకోవడానికి చెక్కముక్కలో 0, 10, 20, 30 డిగ్రీల గాడులు కోసి నలుగురి ముందూ పెట్టాం. 10 చాలలేదు. 30 డిగ్రీల్లో ట్యూబులైటు ప్లాస్టిక్ మీద మెరిసి అక్షరం తెల్లబారింది, వెనక నడిచేవారికీ ముక్కలు కనబడ్డాయి. 20 డిగ్రీల దగ్గర ఆగాం.

వెనక మెట్టు ఎత్తు పాప కోసం పెట్టింది. పెద్దవాళ్ల కన్ను బల్లకు 45 సెం.మీ. పైన ఉంటుంది, వాళ్లు పైనుంచి చూస్తారు, మెట్టు లేకపోయినా వెనక వరస కనబడుతుంది. పాప కన్ను 30 సెం.మీ. ఎత్తులోనే ఉంది. ముందు వరస తల మీదుగా చూస్తే వెనక ముక్కల పైభాగం 21 మి.మీ. మాత్రమే కనబడుతోంది. అక్షరం, దాని కింద గుర్తు కలిపి 30 మి.మీ. అంటే రాజా అని తెలుస్తుంది, ఏ గుర్తు రాజో తెలియదు. వెనక మెట్టును 25 మి.మీ. లేపితే 46 మి.మీ. కనబడింది.

చేసే విధానం:

1. ముందు కర్ర: పొడవు 220, లోతు 40, ఎత్తు 30 మి.మీ. వెనక కర్ర: పొడవు 220, లోతు 40, ఎత్తు 55 మి.మీ.
2. రెండింటికీ పై ముఖం మధ్యలో పొడవునా గీత గీయాలి. గాడులు విడివిడిగా కోయాలి, అతికించాక కాదు. అతికించాక ముందు గాడి కోయబోతే బ్లేడు వెనక కర్రకు తగులుతుంది.
3. మెషీను బ్లేడును 20 డిగ్రీలకు వాల్చి 10 మి.మీ. లోతు కోయాలి. గాడి వెడల్పు 2.5 మి.మీ. ఒక్క కోతకు అంత రాకపోతే కర్రను జరిపి రెండో కోత వేయాలి. 1.5 మి.మీ. గాడి కూడా చేసి చూశాం. ముక్క బిగుతుగా నిలబడుతుంది గానీ, కీళ్లనొప్పి ఉన్న వేళ్లు దాన్ని లోపలికి దించలేవు.
4. గాడి పెదవిని చాకుతోనో ఆకురాయితోనో 2 మి.మీ. ఏటవాలుగా తీయాలి. ఇది చిన్న పని, వదిలేయకండి. ఈ ఏటవాలు లేనప్పుడు అవ్వ ఒక ముక్క గుచ్చడానికి మూడు నాలుగు సార్లు తడుముకునేది. తీశాక చూడకుండానే దించేస్తోంది.
5. ఉప్పుకాగితం 120 నంబరు, తర్వాత 220. గాడి లోపలికి కాగితాన్ని పాత ముక్క చుట్టూ చుట్టి లాగాలి.
6. రెండు కర్రల వాలూ ఒకే వైపు ఉందో లేదో చూసి ఫెవికాల్‌తో అతికించి, బరువు పెట్టి 24 గంటలు వదలాలి. మొదటి జతలో వాలు ఎదురెదురుగా అతికించడంతో అది పారేయాల్సి వచ్చింది.
7. పైన లక్క పాలిష్ వేయొచ్చు. గాడి లోపల మాత్రం వేయకూడదు. వేసిన స్టాండులో వారానికి ముక్కల కింది అంచులు జిగురు పట్టాయి. గాడిలో కొవ్వొత్తి మైనం రుద్దితే చాలు, జారుతుంది, అంటదు.
8. అడుగున సైకిలు ట్యూబు ముక్కలు నాలుగు మూలలా అతికిస్తే స్టాండు జరగదు.

అవ్వకు, తాతకు, పాపకు మూడు, అదనంగా ఒకటి. అదనంగా చేసిందాన్ని మిగతా పెద్దవాళ్లే వంతులేసుకుని వాడుతున్నారు. టీ గ్లాసు ఎత్తుకోవడానికి చెయ్యి ఖాళీగా ఉంటుంది కదా.

ఎడమచేతివాటం వారికి ఒక చిక్కుంది. ఎక్కువ పేకల్లో అక్షరం పై ఎడమ మూలన, కింది కుడి మూలన మాత్రమే ఉంటుంది. ఎడమ నుంచి మొదలుపెట్టి, తర్వాతి ముక్కను ముందుదాని ఎదుట గుచ్చుకుంటూ పోతే ప్రతి ముక్క ఎడమ అంచూ కనబడుతుంది. కుడి నుంచి గుచ్చుకుంటూ వస్తే ఎడమ అంచులన్నీ మూసుకుపోయి ఖాళీ మూలలు మిగులుతాయి. ఎడమ చివర ఒక చుక్క పెట్టాం, ఇక్కణ్నుంచి మొదలు అని.

టేకు, కోత కూలి (పారేసిన జతతో సహా): రూ. 650
ఫెవికాల్, ఉప్పుకాగితం, మైనం: రూ. 100
ఇప్పటివరకు: రూ. 2,065

దశ 3: ఆటగుడ్డ, గాలి (వారం 6, 7)

నున్నటి బల్ల మీద పడిన ప్లాస్టిక్ ముక్కను గోళ్లు లేని వేళ్లు ఎత్తలేవు. అంచుకు లాక్కొచ్చి ఎత్తాలి, అలా లాగేటప్పుడు ముఖం పక్కవారికి కనబడుతుంది. గుడ్డ పరిస్తే వేలు నొక్కగానే అంచు లేస్తుంది.

మొదట శ్రీకాళహస్తి కలంకారీ బల్లగుడ్డ పరిచాం. చూడటానికి అందంగా ఉంది, ఆటకు కుదరలేదు. నల్లటి గీతలు, ఇటుక రంగు ఎరుపు నిండిన గుడ్డ మీద ముక్క ఎక్కడుందో కన్ను వెతుక్కుంటోంది. ఆటగుడ్డ మీద బొమ్మ ఉండకూడదు, ఒకే ముదురు రంగు ఉండాలి. తెలుపు వద్దు, లైటు కింద ముక్కా గుడ్డా ఒకటైపోతాయి. నగరి వైపు మరమగ్గాల మీద నేసిన దళసరి నూలుగుడ్డ, ముదురు ఆకుపచ్చది, ఒకటిన్నర మీటరు తీసుకున్నాం.

తప్పు: తడపకుండా కత్తిరించాం. మొదటి ఉతుకుకు 150 సెం.మీ. పొడవు 142 అయింది. అదృష్టానికి బల్ల 120 సెం.మీ. కాబట్టి సరిపోయింది. వెడల్పులో చూసుకునే మిగులు అంత ఉండదు. గుడ్డను ఒక రాత్రి నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి, అప్పుడు కత్తెర పెట్టండి. గుడ్డ కింద పాత దుప్పటి ఒక మడత వేస్తే ముడతలు రావు.

బల్ల మీద చోటు లెక్క: 90 సెం.మీ. వెడల్పులో రెండు వైపులా స్టాండు 8, అంచు వదిలింది 5 సెం.మీ. చొప్పున పోతే మధ్యలో 64 సెం.మీ. మిగులుతుంది. రమ్మీలో షో చేసినప్పుడు (ముక్కలన్నీ కుదిరి, పరిచి చూపినప్పుడు) మూడు ముక్కల సెట్లు మూడు, నాలుగు ముక్కల వరస ఒకటి పక్కపక్కనే పరిస్తే 48 సెం.మీ. పడుతుంది. చాలు.

ఇక గాలి. వేసవిలో ఫ్యాను ఆపి ఆడించడం కుదరదు. రెగ్యులేటరు 3 మీద ఓపెన్ కార్డు అంచు లేస్తోంది, 5 మీద ఎగిరి బోర్లా పడుతోంది. ముక్క బోర్లా పడితే తగవు మొదలవుతుంది. బరువుగా గులకరాయి పెట్టి చూశాం, ప్రతి చుట్టుకూ రాయి తీసి పెట్టడం ఎవరికీ ఓపిక ఉండదు.

6 మి.మీ. ప్లైవుడ్‌తో రెండు అరల ట్రే చేశాం. మొదటి కొలత లోపల 64 × 89 మి.మీ. ముక్క పడుతుంది గానీ వేలు పట్టదు. తర్వాత 66 × 92 చేశాం. గోడ ఎత్తు మొదట 50 మి.మీ. పెట్టాం, మూడు పేకల దొంతర 48 మి.మీ. కాబట్టి. అది కూడా తప్పే. పంచేశాక ట్రేలో మిగిలేది 24 మి.మీ. దొంతరే. బావిలో చెయ్యి పెట్టినట్టు తీయాల్సి వచ్చింది. క్లోజ్డ్ డెక్ (తీసుకోవడానికి బోర్లించి పెట్టిన దొంతర) అర గోడ 30, ఓపెన్ కార్డు అర గోడ 15 మి.మీ.కి తగ్గించి, ముందు గోడలో 25 మి.మీ. వెడల్పున వేలు దూరేలా అర్ధచంద్రంలా కోశాం. ఇప్పుడు ఫ్యాను 5 మీద కూడా ముక్క కదలదు.

గుడ్డ, అంచులు కుట్టుకూలి: రూ. 240
ప్లైవుడ్ ముక్క: రూ. 80
ఇప్పటివరకు: రూ. 2,385

దశ 4: ఆరుగురికి రమ్మీ సరిచేయడం (వారం 7, 8)

రెండు పేకలు, రెండు జోకర్లు: 106. ఆరుగురికి 13 చొప్పున 78 పోతే మిగిలింది 28. అందులో ఆ ఆటకు జోకరుగా తీసేది ఒకటి, ఓపెన్‌కు ఒకటి. క్లోజ్డ్ డెక్‌లో 26. మనిషికి నాలుగు చుట్లు తిరిగేసరికి ఖాళీ. అప్పటికి చాలామందికి ఫస్ట్ లైఫే (జోకరు లేని మొదటి వరస) రాలేదు. పడేసినవి మళ్లీ కలిపి పెట్టడంతో ఎవరు ఏం పారేశారో గుర్తుపెట్టుకున్న శ్రమంతా వృథా. ఆటలో నేర్పు ఉండేదే అందులో.

మూడు పేకలు, మూడు జోకర్లు: 159. పంచాక 81, రెండు తీస్తే 79. మనిషికి పదమూడు చుట్లు. సాధారణంగా అందులోనే ఎవరో ఒకరు షో చేసేస్తున్నారు.

కానీ 159 ముక్కలు ఏ చేతిలోనూ పట్టవు. మొదటి రోజు మూడు భాగాలు చేసి విడివిడిగా కలిపి ఒకదాని మీద ఒకటి పెట్టాం. సెట్లు సెట్లుగానే వచ్చాయి. పంచగానే ఒకరికి మూడు జాకీలు, పక్కవారికి నాలుగు తొమ్మిదులు. ఎంత కలిసిందో కొలవడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాం, ఎవరైనా చేసుకోవచ్చు.

1. జోకర్లు తీసేసి పేకను వరసగా తిరగేస్తూ పోవాలి.
2. పక్కపక్కన ఒకే అంకె వచ్చిన ప్రతిసారీ ఒకటి లెక్కపెట్టాలి (ఏడు పక్కన ఏడు, రాణి పక్కన రాణి).
3. బాగా కలిసిన పేకలో సగటున ఒక పేకకు 3, రెండు పేకలకు 7, మూడు పేకలకు 11 వస్తాయి.

మూడు పేకల్లో ఒక్కో అంకెవి 12 ముక్కలు. ఒక ముక్క పక్కన దాని జత పడే అవకాశం 155లో 11. అలాంటి పక్కలు మొత్తం 155 ఉన్నాయి. అందుకే 11. ఒకటి రెండు సార్లు అటూ ఇటూ అయినా ఫరవాలేదు.

మొదటి పద్ధతిలో లెక్క 24 వచ్చింది. ముక్కలన్నీ గుడ్డ మీద బోర్లా పరిచి రెండు చేతులతో ఒక నిమిషం కలగలిపితే 15. అలా కలగలిపాక ముగ్గురు తలా ఒక భాగం తీసుకుని మూడు సార్లు కలిపి, సగం సగం పక్కవారికి మార్చుకుని మళ్లీ మూడు సార్లు కలిపితే 12, ఇంకో రోజు 10. అదే స్థిరపరిచాం. దానికి పట్టే సమయం 3 నిమిషాలు. పాపకు అన్నిటికంటే ఇష్టమైన పని గుడ్డ మీద కలగలపడం, అది ఆమెకే ఇచ్చాం.

లెక్కల సంగతి. 201 పూల్ పద్ధతిలో (కౌంటు, అంటే ఓడినవారికి పడే పాయింట్లు, 201 చేరితే అవుట్) ముందుగా అవుటైనవారు ఖాళీగా కూర్చోవాలి. పాప రెండో రోజు అరగంటకే అవుటై నిద్రపోయింది. అందుకే పూల్ వదిలేసి, ఏడు ఆటలు, చివరికి తక్కువ కౌంటు ఉన్నవారు గెలిచినట్టు. మొదటి డ్రాప్ (ముక్క తీయకముందే తప్పుకోవడం) 20, మధ్య డ్రాప్ (ఆ తర్వాత తప్పుకోవడం) 40, ఫుల్ కౌంట్ (ఒక ఆటలో పడే గరిష్ఠ కౌంటు) 80 మామూలే. పాపకు మాత్రం ఫుల్ కౌంట్ 40. ఈ ఒక్క మినహాయింపూ పెద్దలు ముందే ఒప్పుకోవాలి, మధ్యలో పెడితే గొడవ.

కౌంటుకు మొదట చింతగింజలు పెట్టాం. వేయించిన గింజలైతే పురుగు పట్టదు. కానీ 80కి 80 గింజలు లెక్కపెట్టి ఇవ్వడం ఆట కన్నా పెద్ద పని అయింది. గళ్ల నోటు పుస్తకంలో ఆరు నిలువు గడులు, ప్రతి ఆట కిందా కూడిక. రాసేది తాత, సరిచూసేది పాప.

ఆటకు పట్టిన సమయం: మొదటి సాయంత్రం (రెండు పేకలు, స్టాండ్లు లేవు) మూడు ఆటలకు 95 నిమిషాలు. స్టాండ్లు, మూడు పేకలు వచ్చాక ఏడు ఆటలకు 98 నిమిషాలు.

నోటు పుస్తకం: రూ. 40
ఇప్పటివరకు: రూ. 2,425

దశ 5: మిగతా మూడు ఆటలు (వారం 8, 9)

తురుపాట. నలుగురైతే 52 ముక్కలు, తలా 13, ఏడు పట్లు (పెద్ద ముక్క వేసి గెలుచుకున్న చుట్లు) పట్టిన జట్టుది ఆట. ఆరుగురికి నాలుగు రెండులూ తీసేస్తే 48, తలా 8. ముగ్గురేసి రెండు జట్లు, ఒకరు విడిచి ఒకరు కూర్చోవాలి. మొదట నాలుగేసి పంచి, పంచినవారి కుడిపక్కవారు తురుపు (మిగతావాటిని కొట్టే గుర్తు) చెప్పాక మిగతా నాలుగు పంచాలి. ఇక్కడ చిక్కు, ఎనిమిది పట్లు కావడంతో 4-4 వస్తుంది. మొదటి పది ఆటల్లో మూడు అలాగే తేలలేదు. తురుపు చెప్పిన జట్టు అయిదు పట్టాలి, నాలుగే వస్తే ఎదుటి జట్టుది అని మార్చాం. తురుపు చెప్పే హక్కుకు తగ్గ బరువు కూడా దాంతో వచ్చింది. దీనికి ఒక్క పేక చాలు, ట్రే అక్కర్లేదు.

గాడిద. ముక్కలన్నీ పంచేయాలి, నలుగురికి 9, ఇద్దరికి 8 వస్తాయి. ఇస్పేటు ఆసు ఉన్నవారు మొదలుపెడతారు. అందరూ అదే రంగు (అంటే అదే గుర్తు) వేస్తే ఆ ముక్కలు పక్కకు పోతాయి, పెద్దది వేసినవారు తర్వాత వేస్తారు. ఎవరి దగ్గరైనా ఆ రంగు లేక వేరేది కొడితే, అప్పటిదాకా పెద్ద ముక్క వేసినవారు అన్నీ ఎత్తుకోవాలి. మొదటి చుట్టుకు మాత్రం ఎత్తుకోవడం లేదు. చివర్లో ముక్కలతో మిగిలినవారు గాడిద.

ఈ ఆట స్టాండుకు అసలు పరీక్ష. ఎత్తుకుంటూ పోతే ఒక్కరి దగ్గరే ఇరవై దాటుతాయి. ముక్కల ఎడం 22 నుంచి 15 మి.మీ.కి తగ్గిస్తే వరసకు 11, మొత్తం 22 పడతాయి. అప్పుడు ఒక చోట అయిదు ముక్కల మందం, 1.5 మి.మీ.; 2.5 గాడిలో సులువుగానే దిగుతాయి. 10 మి.మీ. ఎడం చేస్తే పదుల అక్షరం సగం మూసుకుపోయి ఒకటిలా కనబడుతుంది. 22 దాటినవి బోర్లించి పక్కన పెట్టుకుని, స్టాండులో చోటు ఖాళీ అయ్యే కొద్దీ నింపుకోవడం అని ఒప్పందం. అలా బోర్లించినవాటిలో ఆ రంగు ఉండి కూడా చూడకుండా వేరేది కొడితే తప్పు కింద లెక్క, ముక్కలన్నీ వాళ్లే ఎత్తుకోవాలి.

ఏడు ముక్క. ఆఠీను ఏడుతో మొదలు. వీలైన ముక్క ఉంటే వేయాల్సిందే, లేకపోతే పాస్. ఒక్కో రంగుకు ఏడు నుంచి పైకి రాజా దాకా, కిందికి ఆసు దాకా పేర్చుకుంటూ పోవాలి. నాలుగు వరసలూ 25 మి.మీ. ఎడంతో పరిస్తే 36 సెం.మీ. పొడవు, 38 సెం.మీ. వెడల్పు పడుతుంది. ట్రే తీసేస్తేనే చోటు. పాప అంకెల వరస, రంగులు నేర్చుకుంది ఈ ఆటలోనే, రమ్మీకి ముందు వారం రోజులు ఇదే ఆడించడం మేలు. ఫ్యాను మాత్రం 2కి తగ్గించాలి, పరిచిన ముక్కలకు ట్రే గోడ ఉండదు.

వారం 9, పెట్టె సర్దడం

ప్లాస్టిక్ ముక్కలను పదిహేను రోజులకోసారి తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి, దొంతరను రబ్బరు బ్యాండు లేకుండా పెట్టాలి. బ్యాండు వేసిన పేక వారానికి మధ్యలో నొక్కుకుపోయి, గుడ్డ మీద కలగలిపేటప్పుడు ఊగుతోంది. మూడు పేకల వీపులూ ఒకే రంగువే కొనాలి. మాకు మూడోది కొంచెం ముదురు నీలం వచ్చింది, లైటు కింద తేడా తెలుస్తోంది. అదొక్కటీ మార్చాలి. అదే కంపెనీది, అదే రంగుది ఇంకో పేక దొరికేదాకా ఆ ముదురు పేకను తురుపాటకు, గాడిదకు, ఏడు ముక్కకు వాడుతున్నాం. రమ్మీకి అయిదుగురే కూర్చుంటున్నారు, రెండు పేకలతో. 106లో 65 పోతే 41, రెండు తీస్తే 39. మనిషికి ఏడు చుట్లు దాటి వస్తున్నాయి. ఆరోవారు ఆ ఆటకు లెక్క రాస్తారు, తర్వాతి ఆటకు వంతు మారుతుంది.